ఎగువ నీరు, దిగువ చూపు

మన ఆలంకారికులు లెక్క తెలిసినవాళ్ళు. కావ్యం రాయబోయేవాడు వర్ణించి తీరవలసిన విషయాలకు పద్దెనిమిది పద్దులు వేసి చేతికిచ్చారు. అందులో కొండ ఒక పద్దు. తోట ఇంకొక పద్దు. నీళ్ళలో ఆటలు మరొక పద్దు. మన ప్రబంధ కవులు ఆ జాబితాను రేషను కార్డులా భద్రంగా పట్టుకుని, ఏ సరుకుకా సరుకు విడివిడిగా తూచి ఇచ్చారు. ప్రబంధంలో తోట సామాన్యంగా ఊరి పొలిమేరలో, చదును నేలమీద ఉంటుంది. మామిళ్ళుంటాయి, చిలకలుంటాయి, తుమ్మెదలుంటాయి. నాయిక విరహంతో ఉంటుంది. చెలికత్తెలు పూలు కోస్తూ ఉంటారు. ఏ చెలికత్తె అయినా ఎగుడు దారి ఎక్కి ఆయాసపడి, కుచ్చెళ్ళు ఎగదోపుకుని రాతిమీద కూలబడినట్టు మాత్రం నేను చదవలేదు.

ఇందులో వింతేమీ లేదు. మనకు తోట అంటే గోదావరి లంక, కోనసీమ కొబ్బరి చెట్లు, కడియం పూలమడులు. తూము తీస్తే నీరొస్తుంది, మూస్తే ఆగుతుంది. చదును నేలమీద తోట వేసేవాడికి ఏ చెట్టు పక్కన ఏ చెట్టు అన్నదే పెద్ద సమస్య. వాలు నేలమీద తోట వేసేవాడికి చెట్టు సంగతి తరవాత. నీరు ఎటునుంచి వస్తుంది, మట్టి ఎటు జారుతుంది, మనిషి చూపు ఎటు పోతుంది, ఈ మూడూ తేలితేగాని పూల దాకా రాలేడు. అంచేత ఇది వేరే కళ. దీన్ని వేరే తూకంతో తూచాలి.

ఆ తూకం పట్టుకుని ఒక తోటను విమర్శిద్దామని ఈ వ్యాసం. పుస్తకాలను విమర్శించే పేజీలో తోటను విమర్శించడమేమిటని ఎవరైనా అడగవచ్చు. తోటకూ కర్త ఉంటాడు. ఎత్తుగడ ఉంటుంది, నడక ఉంటుంది, ముగింపు ఉంటుంది. పైగా పుస్తకం బావుండకపోతే మూసి అవతల పెట్టొచ్చు. కొండమీద వేసిన తోట బావుండకపోతే ఊరంతా తరతరాలు తలెత్తి చూడాలి.

నేను తీసుకున్న తోట శ్రీనగర్‌లోని నిషాత్ బాగ్. దాల్ సరస్సుకు తూర్పు ఒడ్డున, జబర్వన్ కొండల పాదాల దగ్గర ఉంది. వేయించినవాడు ఆసఫ్ ఖాన్. ఈయన నూర్జహాన్‌కు అన్నగారు, ముంతాజ్ మహల్‌కు తండ్రి, అంటే షాజహాన్‌కు పిల్లనిచ్చిన మామగారు. ఇన్ని చుట్టరికాలున్న మనిషి తోట వేస్తానంటే స్థలానికి కరువేముంటుంది? 1633 నాటికి తోట తయారయింది. సుమారు 548 మీటర్ల పొడుగు, 338 మీటర్ల వెడల్పు. సరస్సు ఒడ్డునుంచి కొండ వైపుకు పన్నెండు అంతస్తులుగా లేచింది. రాశులు పన్నెండు గనక అంతస్తులూ పన్నెండు వేశారని చెబుతారు. మధ్యలో పైనుంచి కిందదాకా ఒక్కటే రాతి కాలవ. రెండు పక్కలా చినార్ చెట్లు. ప్లాను ఇంతే. కాగితం మీద గీసి చూపిస్తే అయిదో క్లాసు కుర్రాడు స్కేలు పెట్టి గీసిన గీతల్లా ఉంటుంది.

కాశ్మీరు వెళ్ళొచ్చినవాళ్ళు మామూలుగా షాలిమార్‌ను ఎక్కువ మెచ్చుకుంటారు. పేరు పెద్దది. పైగా చక్రవర్తి వేయించిన తోట. 1619లో జహంగీర్ మొదలుపెట్టించాడు. దాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆ నల్లరాతి మండపం, దాని చుట్టూ నీళ్ళు, జలపాతం వెనక గోడలో దీపాలూ పూలూ పెట్టడానికి తొలిచిన చిన్న చిన్న గూళ్ళు, అన్నీ గొప్ప పనితనమే. కాని షాలిమార్ దాదాపు చదునుమీద ఉన్న తోట. వాలు ఉందిగాని మోకాళ్ళకు తెలిసేటంత లేదు. సరస్సునుంచి మైలు పొడుగు కాలవ పెట్టుకుని లోపలికి పోయి కూచుంది. అక్కడ నలుగురికీ దర్శనమిచ్చే చోటు వేరు, ఆంతరంగికులను కలుసుకునే చోటు వేరు, రాణివాసం వేరు. అంటే అది కప్పు తీసేసిన కోట. దాని వెనక కొండ నాటకంలో తెరలాంటిది. తెర మార్చినా ఆట ఆగదు.

నిషాత్ సంగతి అలా కాదు. ఆసఫ్ ఖాన్‌కు తోటలో దర్బారు తీర్చే అవసరం లేదు. అంచేత ఆయన తోట తన లోపలికి తాను చూసుకోదు. బయటికి చూస్తుంది. కొండను తీసేస్తే నిషాత్ లేదు, సరస్సును తీసేసినా లేదు. ఈ రెంటికీ మధ్య తాను ఒక మెట్లదారి, అంతే. తోట వేసినవాడు తన తోటకంటే కొండా సరస్సూ పెద్దవని ఒప్పుకుని వేశాడు. రాజులకూ మంత్రులకూ ఈ ఒప్పుకోలు అంత తేలిగ్గా రాదు.

మేం వెళ్ళినప్పుడు మా అక్కయ్య, బావగారు కూడా ఉన్నారు. బావగారు రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. అక్కయ్యకు పూలు కనిపిస్తాయి, ఆయనకు గోడలు కనిపిస్తాయి. పై అంతస్తు దాకా ఎక్కి అందరం ఆయాసపడుతూ నిలబడ్డాం.

“ఏమోయ్, కింద గేటు దగ్గర నుంచున్నప్పుడు ఈ తోట నీకు ఎంత పొడుగనిపించింది?” అనడిగారు బావగారు.

“చాలా పొడుగనిపించిందండీ. ఎక్కేటప్పటికి పిక్కలు లాగాయి.”

“ఇప్పుడు కిందకి చూసి చెప్పు.”

చూశాను. తోట సగానికి సగం కుంచించుకుపోయింది. సరస్సేమో లేచి దగ్గరగా వచ్చి, తోట అంచుకు ఆనుకుని కూచున్నట్టుంది.

“అది మెట్ల గుణమోయ్,” అన్నారాయన, తానే కట్టించినంత తృప్తిగా.

మా బావగారి మాట పట్టుకుని ఆలోచిస్తే ఈ తోట రహస్యం తెలిసింది. మన గుళ్ళ కోనేళ్ళ దగ్గర కూడా దీన్ని చూడొచ్చు. కోనేటి అడుగున నిలబడి పైకి చూస్తే మెట్ల నిలువులే కనిపిస్తాయి, పలకలు కనిపించవు. గట్టుమీద నిలబడి కిందికి చూస్తే పలకలే కనిపిస్తాయి, నిలువులు మాయం. నిషాత్‌లో కిందనుంచి పైకి ఎక్కేవాడికి ప్రతి అంతస్తు నిలువూ ఎదురవుతుంది. ఆ నిలువుల మీదనుంచే నీరు దూకుతుంది గనక, తోటంతా నీళ్ళు వేలాడేసినట్టు ఉంటుంది. పైకెక్కి వెనక్కి తిరిగాడా, గోడలు పోయాయి, జలపాతాలు పోయాయి. మిగిలినవి పచ్చని పలకలు, వాటి నడుమ కదలనట్టు కనిపించే నీటి గీత, ఆ గీత చివర సరస్సు, సరస్సుకు అవతల హరిపర్బత్ కోట. ఎక్కేటప్పుడు చూసింది నీళ్ళ తోట. దిగేటప్పుడు చూసేది సరస్సు తోట.

పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యంతో రామాయణమూ భారతమూ రెండూ చెప్పాడు. ఆ శ్లేషను విప్పడానికి మనకు వ్యాఖ్యానం కావాలి. ఆసఫ్ ఖాన్ ఒకే మెట్లతో రెండు తోటలు చెప్పాడు. దీన్ని విప్పడానికి వెనక్కి తిరిగితే చాలు. వాలు నేలను చదును చేసేవాడు పోగొట్టుకునేది సరిగ్గా ఈ రెండో అర్థాన్నే.

ఇక నీటి సంగతి. అంతస్తు నుంచి అంతస్తుకు నీరు ఊరికే దూకదు. ఏటవాలుగా పరిచిన రాతి పలక మీదుగా జారుతుంది. ఆ పలకను చాదర్ అంటారు, అంటే దుప్పటి. నున్నటి రాతిమీద పలచటి నీరు జారితే గాజులాగ ఉండి కంటికి ఆనదు. అందుకని ఆ పలకమీద వరసగా గాట్లు చెక్కారు. నీరు ప్రతి గాటుకూ తగిలి, చిట్లి, తెల్లగా నురగలు కక్కుతూ దిగుతుంది. చెంబెడు నీళ్ళతో బిందెడు నీళ్ళున్నట్టు చూపించడం ఇది. ఇల్లు గడిపే ఇల్లాళ్ళకు ఈ విద్య కొత్త కాదు.

ఫౌంటెన్లు ఎగరడమూ అంతే. ఆ రోజుల్లో మోటార్లు లేవుగదా. పై అంతస్తులో ఉన్న నీటి బరువే కింది అంతస్తులో నీటిని పైకి చిమ్ముతుంది. వచ్చిన ఎత్తుకంటే ఎక్కువ ఎత్తుకు అది ఎగరలేదు. అంచేత ఫౌంటెన్ ఎత్తు చూస్తే పైనున్న నీటిమట్టం ఎంతో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. జలపాతాలు చాలావాటి నెత్తిన కాలవకు అడ్డంగా రాతి పీటలు వేశారు. పీటమీద కూచుంటే కిందనుంచి నీరు పోతూ ఉంటుంది. వేసవిలో ఏ.సి. గదిలో కూచుని ఏమిటేమిటో వాగే మనకు, కాళ్ళకింద నీటి చప్పుడు వింటూ నోరు మూసుకుని కూచోవడమంటే ఏమిటో ఆ పీటలు నేర్పుతాయి.

రాణివాసపు అంతస్తును నిలబెట్టిన గోడ సుమారు పద్దెనిమిది అడుగుల ఎత్తు. రెండు చివరలా అష్టకోణపు బురుజులు. బావగారు ఆ గోడ దగ్గర పావుగంట ఆగారు. “కొండమీద గోడ కట్టేవాడు మట్టిని ఆపుతున్నానను కుంటాడోయ్. మట్టిని ఆపడం తేలికే. దాని వెనక చేరిన వాననీటికి దారి చూపించకపోతే ఎంత లావు గోడైనా పొట్ట ఉబ్బి పడిపోవలసిందే,” అన్నారు. ఈ ఒక్క వాక్యాన్ని పాఠకులు జ్ఞాపకం పెట్టుకోవాలి. చివర్లో పనికొస్తుంది.

దోషాలు లేవా అంటే ఉన్నాయి. ఒకటి, గేటులో అడుగుపెట్టగానే కథ చాలావరకు తెలిసిపోతుంది. కుడి ఎలాగో ఎడమా అలాగే. మలుపు తిరిగితే ఏముందోనన్న ఆత్రం ఉండదు. రెండు, ఇప్పుడు మనం చూస్తున్న గడ్డి మైదానాలు, రంగు రంగుల సీజను పూల మడులు తరవాతి కాలపు సరదాలు. మొగలుల తోటల్లో పళ్ళచెట్లకు పెద్దపీట ఉండేది. ఇప్పుడు చాలామంది ఆ పూలమడుల ముందు నిలబడి, సరస్సుకు వీపుపెట్టి ఫోటో తీయించుకుంటారు. కావ్యం అట్టమీది బొమ్మ చూసి వచ్చినట్టే ఇది.

కాని నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి వేరే ఉంది. ఈ తోటను గురించి ఒక కథ చెబుతారు. 1633లో షాజహాన్ వచ్చి చూసి ముగ్ధుడై, “ఎంత బావుంది, ఎంత బావుంది” అని మూడుసార్లు అన్నాడట. అలా అంటే మామగారు “అయితే తమరే పుచ్చుకోండి” అంటారని ఆయన ఆశ. మామగారికి వినపడింది గాని అర్థంకానట్టు ఊరుకున్నాడు. అల్లుడికి కోపం వచ్చింది. నిషాత్‌కు నీరొచ్చే దారి కట్టించేశాడు. తోట వాడిపోయింది. ఆసఫ్ ఖాన్ దిగులుపడి ఒకరోజు చెట్టుకింద నిద్రపోతుంటే, నమ్మకమైన నౌకరు ఒకడు ప్రాణానికి తెగించి నీరు వదిలేశాడు. చప్పుడుకు ఆసఫ్ ఖాన్ ఉలిక్కిపడి లేచి కట్టెయ్యమన్నాడు. సంగతి చక్రవర్తి దాకా పోయింది. ఆయన నౌకరు విశ్వాసాన్ని మెచ్చుకుని నీరు తిరిగి ఇప్పించాడు.

కథ నిజమో కాదో చరిత్రకారులు తేలుస్తారు. విమర్శకుడిగా నాకు మాత్రం నిషాత్‌మీద వచ్చిన విమర్శలన్నిటిలోకీ ఇదే గొప్పదనిపిస్తుంది. చెరువుకింద మడి ఉన్న ఏ రైతునైనా అడగండి. ఎగువ రైతు గట్టు మూస్తే దిగువ రైతు పొలం బీడే. దిగువవాడు దేశానికి మంత్రి అయినా సరే. పన్నెండు అంతస్తుల తోట, అంత రాయి, అన్ని చినార్లు, చక్రవర్తికి మామగారు కూడా, అన్నీ కలిసి ఎక్కడో పైనున్న పిడికెడు మట్టికట్టకు లోకువ. వాలుమీద తోటకు నీరు ఎప్పుడూ ఎగువవాడి దగ్గర తెచ్చుకున్న అప్పు.

ఇది ఒక అప్పు. రెండో అప్పు దిగువన ఉంది. అది చూపు. నిషాత్ అందంలో సగం దాల్ సరస్సుది. ఆ సరస్సు ఆసఫ్ ఖాన్‌ది కాదు, తోట గోడ లోపల లేదు. పూర్వం జనం పడవలో వచ్చి తోట ముందు దిగేవారు. నీటిమీదనుంచి వచ్చి, నీటి పక్కనుంచి ఎక్కి, పైనుంచి మళ్ళీ నీటినే చూడడం ఈ కావ్యం నడక. తరవాతి కాలంలో సరస్సుకూ తోటకూ మధ్యనుంచి రోడ్డు వేశారు. తోట అడుగు భాగం దానికింద పోయింది. ఇప్పుడు మనం టాక్సీ దిగి, టికెట్టు కొనుక్కుని, హారన్ల మధ్యనుంచి తోటలోకి అడుగుపెడతాం. మొదటి అధ్యాయం చిరిగిపోయిన పుస్తకాన్ని రెండో అధ్యాయంనుంచి చదవడమిది. సరస్సు కూడా ఆక్రమణలతోనూ మురికితోనూ ఏళ్ళ తరబడి చిక్కిపోయింది. 2010లో కాశ్మీరులోని మొగలు తోటలను యునెస్కోవారి ప్రాథమిక జాబితాలో చేర్చారు. సంతోషించవలసిందే. కాని గోడ లోపలి రాళ్ళను మాత్రమే కాపాడితే వాలుమీద తోట నిలవదు. ఎగువ బుగ్గనూ దిగువ సరస్సునూ కాపాడితేనే మధ్యలో ఉన్నది తోట. లేకపోతే మెట్లు.

ఈ అప్పుల లెక్క కాశ్మీరుకే పరిమితమా అని చూడ్డానికి ఇంకో రెండు తోటల ప్లానులు, బొమ్మలు తిరగేశాను. వెళ్ళి చూసినవి కావని ముందే మనవి. అంచేత వాటి పూల వాసన గురించి మాట్లాడను, వాలు గురించి మాత్రం మాట్లాడతాను.

మొదటిది ఇటలీలో, రోముకు దగ్గరలో ఉన్న టివోలీ ఊళ్ళో విల్లా దెస్తే. 1550లో ఇప్పోలితో దెస్తే అనే కార్డినల్ ఆ ఊరికి గవర్నరుగా వచ్చాడు. పిర్రో లిగోరియో అనే వాస్తుశిల్పి చేత కొండవాలు మీద తోట వేయించాడు. ఆ వాలు ఆయనకు కావలసిన ఆకారంలో లేదు. దాంతో ఇళ్ళు కొట్టించి, మట్టి నింపించి, గోడలు కట్టించి ఆకారానికి తెచ్చారు. అనియేనే నదినుంచి ఊరికింద సొరంగం తవ్వి నీరు తెప్పించారు. ఆ నీటితో వరసగా నూరు ఫౌంటెన్లట, నీటి బలంతో మోగే వాయిద్యమట. అన్నీ మోటారు లేకుండా, వాలు బలంతోనే. పనితనానికి చేతులెత్తి నమస్కరించాలి. 2001లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది కూడా.

అయినా నా ఓటు నిషాత్‌కే. టివోలీలో ఎగువ రైతు కార్డినల్‌గారే, గవర్నరు గనక నీటికి ఎవరినీ బతిమాలనక్కరలేదు. అడిగేవాడు లేకపోతే నీటి చేత ఏమైనా చేయించొచ్చు. చేయించారు. నీరు అక్కడ పాడుతుంది, ఎగురుతుంది, పిల్లిమొగ్గలు వేస్తుంది. ఇంత ఆట మధ్య గోడ అవతలి మైదానాన్ని చూసే తీరిక మనిషికి ఎక్కడిది? అది కొండను జయించిన తోట. జయించినవాడు కాపలా పెట్టుకోవాలి. ఆయన 1572లో పోయాడు. తరవాత ఆ వైభవం నిలవలేదు. పద్దెనిమిదో శతాబ్దంలో తోట పాడుపడింది, చివరికి మొదటి ప్రపంచయుద్ధం తరవాత ఇటలీ ప్రభుత్వం పూనుకుని బాగుచేయించవలసి వచ్చింది.

రెండోది జపానులో, క్యోతో నగరానికి అంచున ఉన్న షుగకుయిన్ తోట. గద్దె దిగిన చక్రవర్తి గో మిజునో 1650లలో, వయసు మళ్ళాక వేయించుకున్నాడు. కొండవాలుమీద కింద ఒకటి, పైన ఒకటి తోటలున్నాయి. నడుమనున్నది తరవాత కలిపింది. పై తోటకు వెళ్ళే మెట్లదారికి రెండు పక్కలా ఎత్తుగా కత్తిరించిన పొదలు. ఎక్కుతున్నంతసేపూ ఏమీ కనిపించదు. చివరి మెట్టుమీద ఒక చిన్న మండపం, అక్కడ తలెత్తితే ఒక్కసారిగా కింద చెరువు, దాని అవతల కొండల వరస. నిషాత్‌కు లేని ఆత్రం ఇక్కడుంది. ఆ చెరువు సహజమైనది కాదు. వాలుకు అడ్డంగా కట్ట వేసి నిలిపిన నీరు. రాతికట్ట కళ్ళకు కొట్టకుండా దానిమీద రకరకాల చెట్లు కలిపి పెంచి కంచెలా కత్తిరించారు. పనితనం కనపడనివ్వకపోవడమే అక్కడి పనితనం.

దూరపు కొండలను తోటలో భాగంగా చూపించే పద్ధతికి జపానువాళ్ళు పెట్టిన పేరు షక్కెయి. అంటే అరువు తెచ్చుకున్న దృశ్యం. మాట ఎంత నిజాయితీగా ఉందో చూడండి. నేను అప్పు అన్నదాన్నే వాళ్ళు ఎప్పుడో అరువు అన్నారు. అరువని తెలిసినవాళ్ళు గనకే తీర్చే పద్ధతి కూడా ఆలోచించారు. ఈ తోటల మధ్య ఉన్నవి వరిపొలాలు. రాజుగారి తోటలో వరి ఏమిటని తీసెయ్యలేదు. తోటలో చేపట్టు గోడ ఎంతో, ఊడ్పుల పచ్చదనమూ అంతేనని ఉంచారు. చుట్టూ నగరం పెరిగి ఆ పొలాలకు ముప్పొచ్చే రోజుల్లో, 1964లో, సుమారు ఎనభైవేల చదరపు మీటర్ల పొలాన్ని ప్రభుత్వమే కొనేసింది. కొని గడ్డి వెయ్యలేదు. అక్కడి రైతులచేతే సాగు చేయిస్తోంది. తోట గోడకు అవతల ఉన్న మడి కూడా తోటేనని గుర్తించడం ఇది. నిషాత్ ముందు రోడ్డు గీత గీసినప్పుడు ఈ గుర్తింపు ఉంటే ఎంత బావుండేది!

ఇంతదూరం తిరిగి మన ఇంటికి రాకపోతే వ్యాసం పూర్తికాదు. మనవాళ్ళకు కొండమీద తోట తెలియదని మొదట అన్నాను గాని, అది కావ్యాల మాట. భక్తులకు తెలుసు. తిరుమల కొండమీద స్వామికి పూలతోట వెయ్యడానికి రామానుజులు అనంతాళ్వారును పంపారని సంప్రదాయం. ఆయన కొండెక్కి మొదట చేసిన పని ఏమిటి? మొక్క నాటడం కాదు. చెరువు తవ్వడం. భార్య నిండు చూలాలు అయినా మట్టి మోసిందని, బాలుడి రూపంలో సాయానికి వచ్చిన స్వామిని ఆయన గునపంతో కొట్టాడని కథ. ఆ గునపాన్ని ఇప్పటికీ గుడి మహాద్వారం దగ్గర చూపిస్తారు. కథలో స్వామి మహిమ భక్తులకు. నాలాంటివాడికి కనిపించేది గునపం. కొండమీద తోటకు పూలకంటే ముందు గునపం, గునపంకంటే ముందు నీటి ఆలోచన.

ఈ ఆలోచన లేకపోతే ఏమవుతుందో మా వైపు ఒక ఊళ్ళో చూశాను. పేరెందుకుగాని, ఊరి పక్క గుట్టమీద పార్కు వేశారు. నెత్తిన డోజరు పెట్టి చదును చేశారు. తవ్విన ఎర్రమట్టిని వాలుమీదకే తోసేశారు. దాన్ని ఆపడానికి చుట్టూ సిమెంటు గోడ. గోడలో నీరు పోవడానికి ఒక్క కన్నం లేదు. లారీలమీద గడ్డి తెచ్చి పరిచారు, ట్యాంకర్లతో నీరు పోశారు. సిమెంటు జిరాఫీ, సిమెంటు పుట్టగొడుగులు పెట్టారు. ఆ గుట్టమీదనుంచి చెరువు, దాని అవతల తాడితోపు కనిపించేవి. ఆ వైపున ఫంక్షన్‌హాలు కట్టారు. కొండ ఎక్కినవాడు ఇప్పుడు జిరాఫీని చూసి దిగాలి. ఎగువ నీటి అప్పూ తియ్యలేదు, దిగువ చూపు అప్పూ తియ్యలేదు. అన్నీ రొక్కం పెట్టి కొన్నారు.

మొదటి తుపానుకు గోడ పొట్ట ఉబ్బింది. రెండో తుపానుకు గోడ, గడ్డి, జిరాఫీ మెడ కలిసి కింద పేటలోకి వచ్చాయి. అదృష్టవశాత్తు ఎవరికీ ప్రాణాపాయం కాలేదు. పేటలో ఒకామె వాకిట్లో బురద ఎత్తిపోస్తూ, “కొండ కొండలా ఉన్నన్నాళ్ళూ వానొస్తే నీళ్ళొచ్చేవి బాబూ. పార్కేసినకాడినుంచీ కొండే వచ్చేస్తోంది,” అంది. మా బావగారు ఆ పద్దెనిమిది అడుగుల గోడ దగ్గర చెప్పిన ఇంజనీరింగు పాఠాన్ని ఈమె బురదలో నిలబడి చెప్పింది. ఆమెది విమర్శ కూడా. ఇంతకంటే సూటిగా ఆ పార్కును ఎవరూ విమర్శించలేరు.

ఈ మధ్య గుట్టలమీద పార్కులు, రిసార్టులు, వ్యూపాయింట్లు ఎక్కువయ్యాయి. వెయ్యొద్దనడం లేదు. మనిషి కొండెక్కి దూరం చూడాలనుకోవడం మంచి కోరికే. కాని శంకుస్థాపన రాయి చెక్కించేముందు పెద్దలు మూడు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే బావుంటుంది. ఈ కొండమీద పడ్డ వాన ఇప్పుడు ఏ దారిన పోతోంది? మనం కట్టాక ఏ దారిన పోతుంది? ఇక్కడ నిలబడ్డవాడికి కనిపించే పొలమూ చెరువూ పదేళ్ళ తరవాత కూడా పొలమూ చెరువుగానే ఉండాలంటే ఎవరితో ఏ మాట అనుకోవాలి? వీటికి జవాబు దొరికితే మొక్కలు ఎలాగూ వస్తాయి. కడియం నిండా ఉన్నాయి.

నిషాత్ మీద నా తీర్పు ఇది. దాన్ని వేసినవాడు నీటిని గాని దృశ్యాన్ని గాని సృష్టించలేదు. పైనుంచి వచ్చేదాన్ని పన్నెండుచోట్ల కాస్సేపు ఆపి, చూపించి, కిందికి పంపించాడు. తన చేతిలో ఉన్నంతవరకు ఎవరి నీరూ ఉంచుకోలేదు, ఎవరి చూపూ అడ్డగించలేదు. తరవాతివాళ్ళు అడ్డగించినా ఆ మెట్లు ఇంకా ఆ పనే చేస్తున్నాయి. వాలుమీద తోటకు ఇంతకంటే మంచి లక్షణం నాకు ఏ అలంకారశాస్త్రంలోనూ దొరకలేదు. ఆ పద్దెనిమిది పద్దుల జాబితాకు పంతొమ్మిదోది ఎవరైనా చేరుస్తామంటే, కొండా తోటా నీరూ కలిపి ఒకే పద్దు వెయ్యమని నా సలహా.